ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ పీజీ ఆన్‌లైన్‌లో చేస్తే పనికొస్తుందా?

పరవాడ_షిఫ్ట్: ఫార్మాసిటీలో ప్రొడక్షన్‌లో తొమ్మిదేళ్ల నుంచి చేస్తున్నాను. షిఫ్టులు, ఇద్దరు పిల్లలు, ఇంటి ఈఎంఐ. కాలేజీకి వెళ్లి చదివే ముఖం కాదు. ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్‌లో ఆన్‌లైన్ పీజీ చేద్దామని ఉంది. అమెరికా యూనివర్సిటీల ఫీజులు చూసి ఫోన్ పక్కన పడేశాను. ఇగ్నోలో దూరవిద్యలో విపత్తు నిర్వహణ పీజీ డిప్లొమా ఉందంటున్నారు. ఉద్యోగానికి పనికొస్తుందా, గోడకి తగిలించుకోడానికేనా?

గాజువాక_ఫైర్: గోడకే. 26 ఏళ్లు ఒక ప్లాంటు ఫైర్ సెక్షన్‌లో చేసి రిటైరయ్యాను. లైన్‌లో నీళ్లు వదిలాక బ్రాంచి, అంటే హోస్ చివరి ముక్కు, పట్టుకుని నిలబడటం ఒక్కడి వల్ల కాదు, వెనక ఇంకొకడు భుజం ఆనించాలి. లేకపోతే ఇద్దరూ నేల మీద ఉంటారు. ఇది ల్యాప్‌టాప్‌లో నేర్పుతారా?

ఎంవీపీ_సుధ: మాస్టారూ, అది ఫైర్ ట్రైనింగ్. ఆయన అడిగింది అడ్మినిస్ట్రేషన్. నేను ఆ డిప్లొమా చేశాను కాబట్టి చెబుతున్నా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా రోడ్డుకి అడ్డంగా చెట్టు. చెట్టు కొమ్మల్లో కరెంటు తీగ. తీగలో కరెంటు ఉందో లేదో చెప్పాల్సినాయన ఫోన్ కలవదు. రంపం పట్టుకున్న మనుషులు చెట్టు ముందే కూర్చున్నారు, అందరికీ పని వచ్చు. ఎవరు ఎవరి మాట కోసం ఆగాలో ముందే రాసి పెట్టడం ఈ చదువు. 1970లో కాలిఫోర్నియాలో అడవులు తగలబడినప్పుడు ఇదే గొడవ. రకరకాల ఫైర్ డిపార్ట్‌మెంట్లు వచ్చాయి, ఒకరి మాట ఒకరికి అందలేదు. అక్కడి నుంచే ఎవరు ఎవరి మాట వినాలో ముందే తేల్చే ఇన్సిడెంట్ కమాండ్ పద్ధతి పుట్టింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో దాన్ని మనకు తగ్గట్టు మార్చి మార్గదర్శకాలు ఇచ్చింది.

కంచరపాలెం_బాబ్జీ: హుద్‌హుద్‌కి మాకు కరెంటు ఎనిమిది రోజులకి వచ్చింది.

మధురవాడ77: అదృష్టవంతులు. మాకు పదకొండు.

గాజువాక_ఫైర్: రాసి పెట్టడం అంటున్నారు, ఏటి రాసేది? ప్రమాదకర రసాయనాల రూల్స్ 1989 నుంచి ఉన్నాయి. ఫ్యాక్టరీ లోపలి ప్లాన్ కంపెనీది, గేటు బయటి ప్లాన్ జిల్లా అధికారులది. అన్నీ ఫైళ్లలో ఉన్నాయి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు సైరన్ మోగిందా? జనం నిద్రలోంచి లేచి పరుగెత్తారు, దారిలోనే పడిపోయారు. 12 మంది పోయారు.

ఎంవీపీ_సుధ: నేను చెప్పేదీ అదే కదండీ. ఆ సైరన్ బటన్ ఎవరు నొక్కాలి, పైవాళ్లను అడక్కుండా నొక్కొచ్చా? ఇది హోస్‌తో తేలే విషయమా?

గాజువాక_ఫైర్: సరే, చదువుకున్నారు కదా. గ్యాస్ వస్తే ఎటు పరుగెత్తాలి?

ఎంవీపీ_సుధ: గాలికి అడ్డంగా, అంటే గాలి వీచే దారి నుంచి పక్కకి.

గాజువాక_ఫైర్: తప్పు. ఎత్తుకి. స్టైరీన్ ఆవిరి గాలి కంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది.

ఎంవీపీ_సుధ: అడ్డంగా, వీలైతే ఎత్తుకి. రెండూ పుస్తకంలో ఉన్నాయి.

గాజువాక_ఫైర్: రాత్రి మూడింటికి గాలి ఎటుందో ఎలా తెలుస్తుంది?

ఎంవీపీ_సుధ: విండ్‌సాక్ చూసి. గాలి ఎటు వీస్తే అటు ఎగిరే గుడ్డ గొట్టం.

గాజువాక_ఫైర్: ఊళ్లో విండ్‌సాక్ ఎక్కడుందమ్మా? ప్లాంటులో ఉంటుంది, పరుగెత్తేది ఊరు.

కంచరపాలెం_బాబ్జీ: డాబా మీద ఆరేసిన చీర చూస్తే సరి.

మధురవాడ77: యూజీసీ అనుమతి ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్‌తో సమానమని 2022లోనే చెప్పారు. ఇంక గొడవేంటి?

గాజువాక_ఫైర్: కాగితం మీద సమానమే. ఆ సమానం నేను చూశాను. 19 ఏళ్లు సెక్షన్ నడిపించాను. ఆన్‌లైన్ డిగ్రీ పట్టుకుని ఒక కుర్రాడొచ్చాడు. మొదటి మాక్ డ్రిల్‌లో హైడ్రాంట్ వాల్వ్ ఎటు తిప్పాలో తెలీక నా వైపు చూశాడు. నేనే తిప్పాను. ఏడాది తిరక్కుండా నాకు మేనేజర్ అయ్యాడు. రిపోర్టు రాసేది నేను, సంతకం అతనిది. రిటైరయ్యే రోజు శాలువా కప్పింది కూడా అతనే. ఈ కోర్సులు ఏటికి పనికొస్తాయో నాకు చెప్పొద్దు.

ఎంవీపీ_సుధ: అలా చెప్పండి మరి. ఇంతసేపూ హోస్ హోస్ అన్నారు. నేనూ చెబుతా. బీఎస్సీ కెమిస్ట్రీ, ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పదకొండేళ్లు. ఎమర్జెన్సీ టీమ్‌లో వేయండి సార్ అంటే ‘ఆడవాళ్లు మీకెందుకమ్మా’ అన్నారు. మాక్ డ్రిల్‌లో నాకిచ్చిన పని ఏంటో తెలుసా? స్పృహ తప్పినట్టు పడుకోవడం. మూడేళ్లు వరసగా స్ట్రెచర్ మీదే. హోస్ ముట్టుకోనివ్వరు, తర్వాత హోస్ పట్టుకోలేదంటారు. ఇంట్లో కూర్చుని చదివేది కాకపోతే నాకు ఇంకే దారి ఉంది?

మధురవాడ77: అమ్మో.

గాజువాక_ఫైర్: మీ విషయం నాకు తెలీదు కదమ్మా. మా సెక్షన్‌లో ఆడవాళ్లు లేరు. ఎవరూ అడగలేదు అనుకున్నాం. అడిగితే ఏం చేసేవాళ్లమో ఇప్పుడు చెప్పలేను. ఆ కుర్రాడి విషయంలో మాత్రం నా మాట మారదు.

ఎంవీపీ_సుధ: మార్చమని అనలేదండీ.

గాజువాక_ఫైర్: పరవాడ తమ్ముడూ, నీకు సేఫ్టీ ఆఫీసర్ పోస్టే కావాలంటే ముందు గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చూసుకో. ఈ పీజీ దానికి బదులు కాదు. ఇంటర్వ్యూలో మొదట అదే అడుగుతారు.

ఎంవీపీ_సుధ: అది నిజమే. డబ్బు కట్టే ముందు అమెరికా విపత్తుల సంస్థ ఫెమా వాళ్ల ఐఎస్-100 పాఠాలు చదవండి, ఇన్సిడెంట్ కమాండ్ మొదటి పాఠాలవి, ఉచితం. రెండు పేజీలకే నిద్రొస్తే ఇది మీ చదువు కాదు.

పరవాడ_షిఫ్ట్: థాంక్స్ మేడమ్, థాంక్స్ మాస్టారూ. ఇగ్నో ఫీజు ఎంతో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కంచరపాలెం_బాబ్జీ: సైట్‌లో ఉంటుంది బాబూ. మధురవాడ గారూ, నిజంగా పదకొండు రోజులా?

గాజువాక_ఫైర్: ఫీజు సంగతి తర్వాత. మీ బ్లాక్‌లో సైరన్ బటన్ ఎక్కడుందో తెలుసా?

పరవాడ_షిఫ్ట్: తెలుసు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ గదిలో.

ఎంవీపీ_సుధ: ఆయన లేనప్పుడు గదికి తాళం వేస్తారా?

పరవాడ_షిఫ్ట్: వేస్తారండి.

గాజువాక_ఫైర్: తాళం చెవి?

పరవాడ_షిఫ్ట్: రేపు నైట్ షిఫ్ట్. వెళ్లి అడుగుతాను.