సంక్రాంతి వేదికకు మిగులు ఊలుతో అలంకరణ: విజయవాడ, గుంటూరు కార్యకర్తల ప్రణాళిక

విజయవాడ, పటమట (అల్లిక పనుల సమన్వయం):

అందరికీ నమస్కారం. జనవరిలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో మన సంఘం జరపబోయే సంక్రాంతి సంబరాలకు గుమ్మం తోరణాలు, గొబ్బెమ్మలు, గ్లాసుల కింద పెట్టే అల్లిక చక్రాలు ఇక్కడి నుంచి చేసి పంపుతామని మాట ఇచ్చాం. వీటికి కొత్త ఊలు కొనకూడదని, మన ఇళ్లలో మిగిలిపోయిన ముక్కలతోనే పని జరగాలని నా ప్రతిపాదన. మన ఎండలకు ఊలు తొడిగేవారు తక్కువ కనుక, మనవల స్వెట్టర్లు, టోపీలు అల్లగా మిగిలిన ఉండలు బీరువా అడుగున నాఫ్తలీన్ గోళీల పక్కన ఏళ్ల తరబడి పడి ఉంటాయి. బీసెంట్ రోడ్డుకు వెళ్లేముందు ఆ అరలు ఒకసారి తెరిచి చూడండి.

ముక్కలు చేతికి రాగానే చాలామంది రంగుల వారీగా సర్దడం మొదలుపెడతారు. దయచేసి ముందు దారం రకాన్ని, తరువాత మందాన్ని చూసి వేరు చేయండి. అసలు ఊలు వేడి నీటిలో ముడుచుకొని గట్టిపడుతుంది, అక్రిలిక్ అలాగే ఉంటుంది, నూలు కొద్దిగా కుంచించుకుపోతుంది. ఈ మూడూ ఒకే వస్తువులో కలిస్తే మొదటి ఉతుకులోనే అది వంకరపోతుంది. చీటీ ఊడిపోయిన ఉండ ఏ రకమో తెలియకపోతే, వేలెడు ముక్కను పట్టకారుతో పట్టుకొని, పక్కన నీళ్ల గిన్నె పెట్టుకొని, స్టీలు పళ్లెం మీద అంటించి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే అది ఊలు. కాగితంలా కాలి మెత్తని బూడిద మిగిలితే నూలు. కరిగి గట్టి నల్లపూసలా మిగిలితే అక్రిలిక్. ఆ పూస చల్లారేవరకు వేలితో తాకవద్దు.

గుంటూరు, బ్రాడీపేట:

అమ్మా, మీరు చెప్పిన విభజన బాగుంది. అయితే మా వీధిలో పోగైన ముక్కలను చూస్తే చతురస్రాలుగా అల్లి, అన్నీ కలిపి ఒక పెద్ద దుప్పటి చేసి లాటరీలో పెడితే సంఘానికి నాలుగు డబ్బులు వస్తాయని అనిపిస్తోంది. ఆలోచించగలరు. ఇంకొక విషయం: మా ఆడపడుచు అత్తగారిది నరసాపురం. వారింట్లో లేసు అల్లగా మిగిలిన తెల్లని సన్న నూలు చాలా ఉంది. అది పనికొస్తుందా?

విజయవాడ, పటమట:

అక్కయ్యగారూ, దుప్పటి ఆలోచనను ఈసారికి పక్కన పెడదామని నా మనవి. చతురస్రంలో రంగు మార్చిన ప్రతిచోటా రెండు కొసలు మిగులుతాయి, వాటన్నిటినీ లోపలికి దాచి కుట్టడానికి అల్లినంత సమయం పడుతుంది. పదిమంది చేతుల బిగువు పది రకాలుగా ఉంటుంది కనుక ఒకరి చతురస్రం మరొకరి చతురస్రానికి అతకదు. పైగా దుప్పటి బరువు, సామానులో దానికి పట్టే చోటు కూడా లెక్క వేసుకోవాలి. చిన్న వస్తువులైతే ఒక్కొక్కటి ఒక్కరి చేతిలోనే పూర్తవుతుంది కాబట్టి ఈ ఇబ్బందులేవీ ఉండవు.

నరసాపురం నూలు తప్పకుండా పంపించండి. రెండు మూడు పోగులు కలిపి అల్లితే గ్లాసుల కింది చక్రాలకు చక్కగా సరిపోతుంది. వేడి గిన్నెల కింద పెట్టేవి అసలు నూలువే కావాలి, అక్రిలిక్ వేడికి కరుగుతుంది. ఒక్క జాగ్రత్త: వాటిని నరసాపురం లేసు అని చెప్పి అమ్మకూడదు. అది భౌగోళిక గుర్తింపు ఉన్న పని, మనం చేసేది వారి దారంతో మన అల్లిక మాత్రమే.

బర్మింగ్‌హామ్, అలంకరణ బృందం:

పెద్దలందరికీ నమస్కారం. తోరణాలే మాకు అన్నిటికన్నా ముఖ్యం. తాజా మామిడాకులు భారత్ నుంచి ఇక్కడికి తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, పెట్టెలో ఊరికే పెట్టుకొని వస్తే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. ప్లాస్టిక్ ఆకుల తోరణాలు కట్టడం మాలో ఎవరికీ ఇష్టం లేదు. అల్లిక ఆకులైతే ఏటేటా మళ్లీ వాడుకోవచ్చు.

పిల్లల బొమ్మలు కూడా అల్లి అమ్ముదామని ఇక్కడ కొందరు అడిగారు. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికని తయారుచేసిన వస్తువును బ్రిటన్‌లో అమ్మకానికి పెట్టాలంటే, అది చేత్తో చేసినదైనా సరే, భద్రతా నియమాలకు లోబడి ఉండాలి, దానిపై ముద్ర ఉండాలి. ఆ తతంగం మన వల్ల కాదు కనుక బొమ్మలు వద్దు. గొబ్బెమ్మలను అమ్మకుండా ముగ్గు మధ్యలో అలంకారానికే ఉంచుతాం. మాలో కొందరు ఇక్కడే అల్లుతామంటున్నారు, కొలతలు, కుట్లు వివరంగా రాస్తే మేలు.

విజయవాడ, పటమట:

మంచిది తమ్ముడూ. కుట్ల పేర్లు అమెరికా పద్ధతిలో రాస్తున్నాను, బ్రిటన్ పుస్తకాల్లో డబుల్ అని ఉండేది నేను రాసే దానిలో సింగిల్ అవుతుందని మీ వాళ్లకు గుర్తు చేయండి.

మామిడాకుకు 8 ప్లై మందం గల అక్రిలిక్ దారం, 4 మిల్లీమీటర్ల క్రోషే సూది (కొక్కెం ఉన్నది) తీసుకోవాలి. సన్న దారమైతే రెండు కలిపి పట్టుకుంటే ఆ మందం వస్తుంది. పద్దెనిమిది గొలుసు కుట్లు వేసి, వెనక్కు తిరిగి ఒక పక్కగా సింగిల్, హాఫ్ డబుల్, డబుల్ వరుసగా పెంచుకుంటూ నడుమకు వచ్చి, మళ్లీ అదే క్రమంలో తగ్గించుకుంటూ చివరికి చేరాలి. ఆ చివరి గొలుసు కుట్టులోనే మూడు సింగిల్ కుట్లు వేసి, మధ్య కుట్టు దగ్గర రెండు గొలుసు కుట్లు కలిపితే ఆకు కొస మొనదేలుతుంది. తరువాత గొలుసుకు రెండో అంచున అదే క్రమంలో వెనక్కు రావాలి. మొదట వదిలిన దారపు కొసను గొలుసు వెంబడి పడుకోబెట్టి దాని మీదుగానే అల్లుకుంటూ పోతే, తరువాత సూదితో దాచే పని సగం తప్పుతుంది. చివరి కొసను జానెడు వదిలి, ఆకు వెనుక ఒక దిక్కుకు కొంత దూరం, తిరిగి రెండో దిక్కుకు కొంత దూరం లాగితే ఊడిరాదు.

ఒక ఆకు పూర్తయ్యాక వంటింటి త్రాసులో తూచండి. అప్పుడు మీ దగ్గరున్న ముక్క బరువును బట్టి అది ఎన్ని ఆకులకు సరిపోతుందో ముందే తెలుస్తుంది, సగం ఆకు మీద దారం అయిపోదు. ఆకుపచ్చ ఒకే ఛాయలో దొరకలేదని ఎవరూ బాధపడకండి. మామిడి చిగురు రాగి రంగులో ఉంటుంది, లేతాకు పసుపు కలిసిన ఆకుపచ్చ, ముదురాకు నలుపుకు దగ్గర. మెరూన్, గోధుమ, చిలకపచ్చ ముక్కలన్నీ కలిపి గుచ్చితే తోరణం నిజమైన కొమ్మలాగే ఉంటుంది. ఆకులను అల్లిన గొలుసుకు కాకుండా గట్టి నూలు తాడుకు కట్టండి, అక్రిలిక్ గొలుసు బరువుకు సాగి మధ్యలో వేలాడుతుంది. హాలులో దీపాలకు దూరంగా కట్టడం మీ బాధ్యత.

గొబ్బెమ్మకు గోధుమ రంగు. ఆరు సింగిల్ కుట్లతో మొదలుపెట్టి వరుసకు ఆరు చొప్పున పెంచి, కావలసిన వెడల్పు వచ్చాక పెంచకుండా నాలుగైదు వరుసలు వేస్తే గిన్నె బోర్లించినట్టు నిలబడుతుంది. అల్లడానికి పనికిరాని బెత్తెడు ముక్కలన్నీ దాని పొట్టలోకి పోతాయి. పైన పెట్టే గుమ్మడి పువ్వుకు ముదురు పసుపు కావాలి. అదొక్కటే మన దగ్గర తక్కువగా ఉంది, ఎవరింట్లోనైనా ఉంటే తెలపండి.

గుంటూరు, బ్రాడీపేట:

పసుపు ముక్కలు మా దగ్గర రెండు సంచులున్నాయి. పాత స్వెట్టరు విప్పిన దారం కూడా ఉంది, కానీ అది వంకులు తిరిగి ఉంది.

విజయవాడ, పటమట:

మోచేతికి చుట్టి చిలపలా (వదులైన దారపు చుట్టలా) చేసి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో నానబెట్టి, కింద చిన్న బరువు వేలాడదీసి నీడలో ఆరవేయండి, వంకులు పోతాయి. ముదురు ఎరుపు, మెరూన్ ముక్కలను తడి తెల్లగుడ్డలో చుట్టి ఒక రాత్రి ఉంచి, రంగు అంటితే పక్కన పడేయండి.

లబ్బీపేటలో ఉండే మన సభ్యురాలు కూతురి పురిటికి డిసెంబరు మొదటి వారంలో బర్మింగ్‌హామ్ వెళ్తున్నారు. తన సామానులో ఐదు కిలోల చోటు ఇస్తానన్నారు. సూదులు, కత్తెరలు చేతి సంచిలో కాక పెద్ద పెట్టెలోనే పెట్టాలి. గుంటూరు వారు పూర్తయినవన్నీ నవంబరు మూడో ఆదివారానికి అరండల్‌పేటలో ఒకచోట చేర్చితే, నేను వచ్చి తీసుకువెళ్తాను. త్రాసు మాత్రం ఎవరైనా సిద్ధంగా ఉంచండి, బరువు అక్కడే చూసుకొని మిగిలిన చోటులో ఇంకెన్ని ఆకులు పడతాయో తేల్చుకుందాం.