కొత్త కంప్యూటర్ రెండర్ పెట్టగానే ఆగిపోతోంది, ఎవరైనా సాయం చేయండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. మా చెల్లి ఇంజనీరింగ్ ప్రాజెక్టు కోసం పోయిన నెల పార్టులు కొని ఇంట్లో నేనే కంప్యూటర్ అసెంబుల్ చేశాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, దాంతో వచ్చిన కూలరే, 16 జీబీ ర్యామ్, ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు. పవర్ సప్లై మాత్రం పాత సిస్టమ్‌లోది, 450 వాట్లు.

వీడియో రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) పెడితే ఐదు నిమిషాల్లో ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలకు చేరేది. ఈ ప్రాసెసర్‌కి అదే హద్దు. అక్కడ స్పీడు తగ్గాలి గానీ, ఇది టక్కున ఆగి రీస్టార్ట్ అవుతోంది. బ్లూ స్క్రీన్ కూడా రాదు. విండోస్ లాగ్‌లు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అని ఉంటోంది. అది సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదు.

నిన్న కూలర్ విప్పాను. ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్టు ఒక పక్కకే పరుచుకుంది, ఒక మూల లోహం తళతళా మెరుస్తోంది. నాలుగు స్క్రూలూ వరసగా బిగించేశాను, తప్పు నాదే. పాత పేస్టు తుడిచి, కొత్తది వేసి, ఈసారి ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాను. వేడి 81కి దిగింది. అయినా ఆగిపోవడం మానలేదు. ర్యామ్‌ని ఎక్కువ స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ తీసేసినా అంతే.

ఇక అనుమానం పవర్ సప్లై మీదే. సాయంత్రాలు మా వీధిలో వోల్టేజీ బాగా పడిపోతుంది, అప్పుడే ఎక్కువసార్లు ఆగుతోంది. కొత్తది కొనకుండా దీన్ని తేల్చుకునే దారి ఉందా? చెల్లి సబ్మిషన్‌కి పది రోజులే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.