నడుము నొప్పి గురించి కొరియన్‌లో అడగాలంటే ఏ మాటలు ముందు నేర్చుకోవాలి?

ప్రశ్న (పెనుకొండ ఫిజియో):
మా దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊళ్లో కొరియావాళ్లు కనిపించడం మామూలైంది. మెడ, నడుము నొప్పులతో నా దగ్గరికీ వస్తున్నారు. ఇంగ్లీషు రానివాళ్లు నొప్పి ఉన్నచోట వేలు పెట్టి చూపిస్తారు. నాకది చాలదు. నొప్పి నడుములోనే ఉందా, కాలిలోకి దిగుతోందా అన్నది వాళ్ల నోటితో వినాలి. ముఖం భాగాలు తేలికగానే వచ్చాయి: కన్ను ‘నున్’, ముక్కు ‘ఖొ’, నోరు ‘ఇప్’, చెవి ‘గ్వి’. మెడ కిందికి దిగితేనే తికమక. రోగిని చూసేవారికి ముందుగా ఏవి అవసరం?

జవాబు (దక్షిణ కొరియాలోని సువోన్‌లో తెలుగువాడు):
మొదట ‘హొరి’ నేర్చుకోండి. నడుము అదే. వీపును ‘దుంగ్’ అంటారు. భుజం ‘ఒక్కె’, మోకాలు ‘మురుప్’.

మనం భుజం నుంచి వేళ్లదాకా అంతా చేయి అనేస్తాం. ఇక్కడ అలా కుదరదు. మణికట్టు దాకా ‘ఫల్’, ఆపైన ‘సొన్’. అలాగే కాలు ‘దరి’, పాదం ‘బల్’. ఫల్, బల్ తేడా బాగా వినండి. మొదటిదానిలో ‘ఫ’ను మన ఒత్తక్షరంలా పలకాలి, పళ్లు పెదవికి తగలకూడదు.

‘మొక్’ దగ్గర మాత్రం తప్పనిసరిగా మళ్లీ అడగండి. మెడకూ గొంతుకూ అదే మాట. జలుబు చేసినవాళ్లు కూడా ‘మొగి అఫాయొ’ అనే అంటారు.

జవాబు (కొరియన్ టీచర్, హైదరాబాద్):
‘అఫాయొ’ అంటే నొప్పిగా ఉందని. అపాయం అనే మాటను తలుచుకుంటే మరిచిపోరు. అయితే మీరు రోగిని అడిగేటప్పుడు ‘ఒదిగా అఫుసెయొ?’ అనండి, ఎక్కడ నొప్పిగా ఉందండీ అని. ఆ ‘సె’ గౌరవం కోసం. పెద్దవాళ్ల దగ్గర దాన్ని వదలకండి.

సొన్, బల్ వస్తే మరికొన్ని వాటంతట అవే వస్తాయి. మణికట్టు ‘సొన్‌మొక్’, చీలమండ ‘బల్‌మొక్’. వేళ్లు కూడా అంతే: ‘సొన్‌కరక్’, ‘బల్‌కరక్’.

పెనుకొండ ఫిజియో:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కాలిలోకి దిగే నొప్పికి ‘దరి’ అని అడుగుతాను. మరి ఎడమా కుడీ?

సువోన్‌లో తెలుగువాడు:
ఎడమ ‘వెన్‌చ్చొక్’, కుడి ‘ఒరున్‌చ్చొక్’. చేయి ఆనించి ‘యొగి?’ అంటే ఇక్కడా అని అర్థం. నొక్కే ముందు అది అడగండి.