అప్‌డేట్: న్యూజెర్సీ వదిలి అలబామా వచ్చేశాం

తుపాకీ షూటింగ్ పిచ్చితో టెక్సాస్ వెళ్లాలా, అలబామానా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. బర్మింగ్‌హామ్‌లో దిగి నాలుగు నెలలైంది. తుపాకీ గురి సాధన చేసే టల్లడీగా మార్క్స్‌మన్‌షిప్ పార్క్ కారులో గంట దూరం. 600 గజాల రేంజ్, ఎలక్ట్రానిక్ టార్గెట్లు. గుండు ఎక్కడ తగిలిందో పక్కనున్న తెర మీదే కనిపిస్తుంది. నా గురి ఎంత దరిద్రమో కూడా!

న్యూజెర్సీలో ఒక్కో పిస్టల్ కొనడానికీ ఒక్కో పర్మిట్, ఇక్కడ ఆ తంతు లేదు. 2023 నుంచి పిస్టల్ ఒంటిమీద దాచుకుని తీసుకెళ్లడానికీ పర్మిట్ అక్కర్లేదు. అయినా తీసుకుంటున్నాను, పక్క రాష్ట్రాలకు వెళ్తే పనికొస్తుంది.

హెచ్1బీ వీసా వాళ్లు, మేమూ తుపాకీ కొనొచ్చా అని అడిగారు: మీకు అడ్డు ఫెడరల్ చట్టం, హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. నాది గ్రీన్ కార్డు.

మా ఆవిడ షరతు ఒక్కటే, ముందు సేఫ్ (తుపాకీ పెట్టి తాళం వేసే ఇనప్పెట్టె), తర్వాతే తుపాకీ. ఆ సేఫ్ మేడెక్కలేదు, గరాజ్‌లోనే ఉండిపోయింది.