ఆగిపోయిన బొంతను పూర్తి చేయడం ఎలా?

ప్రశ్న:

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఏళ్ల తరబడి దాచిన జాకెట్టు ముక్కలు, నాన్నగారి పాత లుంగీలు, మా చిన్నప్పటి గౌన్లు కలిపి ఒక బొంతకు పైపొర సిద్ధం చేశాను. వెడల్పు 5 అడుగులు, పొడవు 7 అడుగులు వచ్చింది. లోపల అమ్మ కట్టిన నేత చీరలు రెండు పెట్టి, అడుగున కొత్త కాటన్ గుడ్డ వేయాలని ఉంది. పైపొరలో ఒకచోట అమ్మ పట్టుచీర చెంగు ముక్క కూడా ఉంది. దాన్ని తీసేయడానికి మనసొప్పడం లేదు. పొరలు జరిగిపోకుండా ఎలా నిలపాలి? చేత్తో కుట్టాలా, మిషన్ మీద కుట్టాలా? అంచు ఎలా మలచాలి? ఆదిలాబాద్ చలికి మా అమ్మాయి రోజూ కప్పుకోవాలన్నది నా కోరిక కాబట్టి, తరచూ ఉతికినా నిలిచేలా ఉండాలి.

మొదటి సమాధానం:

ముందుగా అడుగుకు వేసే కొత్త గుడ్డను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరవేయండి. పాత గుడ్డలు ఎన్నో ఉతుకులకు ముడుచుకోవలసినంత ముడుచుకుని ఉంటాయి. కొత్తది మాత్రం మొదటి ఉతుకులోనే కుదించుకుని బొంతనంతా ముడతలు పడేలా చేస్తుంది. ఆ తర్వాత ప్రతి పాత ముక్కనూ రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగి చూడండి. పోగులు విడిపోతున్న ముక్క పైపొరలో ఉంటే దాని మీద ఇంకొక గట్టి ముక్క అతకడం మంచిది. చీరల్లో అలాంటి భాగం కనిపిస్తే, లోపలి పొరే కాబట్టి, విడిగా రెండు కుట్లు వేస్తే చాలు.

చీర పొడవు సుమారు 18 అడుగులు, పన్నా నాలుగడుగులకు కాస్త తక్కువ. ఒక్కో చీరను 6 అడుగుల చొప్పున మూడు ముక్కలు చేసి, రెండేసి ముక్కలను పన్నా వైపు పక్కపక్కన కలిపితే, మీ రెండు చీరలతో లోపలికి మూడు పొరలు వస్తాయి. అన్ని అతుకులూ ఒకే గీత మీద పడకుండా ఒక్కో పొరను రెండు మూడు అంగుళాలు పక్కకు జరపండి, లేకపోతే అక్కడ దిమ్మగా తయారై సూది దిగదు.

పొరలను నిలపడానికి సిమెంటు నేల మీద అడుగు గుడ్డను తిరగేసి పరిచి, మూలల మీద బరువులు పెట్టి, దాని మీద ఒక్కో పొరనూ అరచేతితో నడిమి నుంచి బయటికి నిమురుతూ పరచాలి. ఆ తర్వాత జానెడు ఎడంతో అడ్డంగానూ నిలువుగానూ పొడవైన టాకాలు వేసి, కుట్టంతా అయ్యాకే వాటిని లాగేయాలి. ఈ పని తొందరపడి చేస్తే తర్వాత ఎంత చక్కగా కుట్టినా ముడతలు పోవు.

కుట్టు మాత్రం చేత్తోనే వేయండి. మిషన్ సూది ఒకే వరుసలో దగ్గరదగ్గరగా రంధ్రాలు చేస్తుంది. నలిగిన పాత నూలు ఆ గీత వెంబడే చిరుగుతుంది. చేతికుట్టు కొంత వదులుగా ఉండి గుడ్డతో పాటు కదులుతుంది. రెండు వేళ్ల ఎడంతో వరుసలు వేసి, దారాన్ని ముందుగా మైనం మీద లాగితే చిక్కుపడదు.

రెండో సమాధానం:

పైవారి పద్ధతి సరైనదే, అయితే టాకాలు లేకుండా కుట్టే పద్ధతి కూడా ఒకటి ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్ది తెగ మహిళలు కవంది అనే బొంతలను అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. ముక్కలను ముందే అతికి ఉంచకుండా, ముక్క అంచు లోపలికి మడుస్తూ కుట్టుతోపాటే అతుకుతూ పోతారు. మీ పైపొర ఇప్పటికే పూర్తయింది కాబట్టి ఈసారికి అది కుదరదు గానీ, మిగిలిన ముక్కలతో చిన్న బొంత చేయాలనుకుంటే తప్పక ప్రయత్నించండి. వాళ్లు నాలుగు మూలలకూ మడిచిన గుడ్డముక్కలు కుడతారు. వాటివల్లే కవంది చూడగానే గుర్తుపట్టేలా ఉంటుంది.

మూడో సమాధానం:

అంచు విషయానికి వస్తే, అడుగు గుడ్డను నాలుగు వైపులా ఒకటిన్నర అంగుళం ఎక్కువగా ఉంచి, పైకి రెండు మడతలు వేసి కుట్టడం అన్నిటికన్నా సులువు. చీర అంచు గట్టిగా ఉంటే దాన్ని పొడవుగా కత్తిరించి పట్టీలా వేయవచ్చు. అంచులో పోగులు ఒత్తుగా ఉంటాయి కాబట్టి ఎక్కువ రాపిడి పడే చోట నిలుస్తుంది. మూలల దగ్గర మడతలు నాలుగైదు పేరుకుంటాయి కనుక, ముందే లోపలి చీరల మూలలను ఏటవాలుగా కత్తిరించాలి.

పట్టు ముక్కను ఉంచితే నేను ఒప్పుకోను. పాత పట్టు మడతల వెంబడి చీలుతుంది, జరీ పోగు పక్క నూలును కోస్తుంది, పైగా తరచూ ఉతికే బొంతలో పట్టు ముందే పోతుంది. దాన్ని విప్పదీసి, చిన్న దిండుగలీబు మీద కుట్టండి, దాన్ని ఉతకవలసిన అవసరం తక్కువ.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. పట్టు ముక్కను విప్పి, ఆ స్థానంలో అమ్మ నేత చీర పైట ముక్క పెడతాను. టాకాలకు నేల ఖాళీగా ఉండాలి కనుక ఆదివారం మంచాలు జరిపి పరుస్తాను. ఒక్క విషయం: కుట్టు వరుసలు పొడవు వైపు వేయాలా, వెడల్పు వైపా?

మొదటి సమాధానం ఇచ్చినవారు:

పొడవు వైపే వేయండి. లోపలి అతుకులు అడ్డంగా వస్తాయి కాబట్టి, పొడవు వరుసలు ప్రతిదీ ఆ అతుకును దాటుతూ రెండు ముక్కలనూ పట్టి ఉంచుతాయి.