ఐదు వేలలో చెక్క లేత్ (చెక్కని గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషన్) అవుతుందా? బొంగరాలు, చదరంగం పావులు తీయాలని ఉంది

చెక్కపిచ్చోడు:
ఇంటి వెనక ఆరడుగుల రేకుల వసారా ఉంది, నా పనంతా అందులోనే. మావాడికి బొంగరం చేద్దామని రంపంతో, ఆకురాయితో రెండు రోజులు గీకాను, తీరా తిప్పితే తాగినోడిలా ఊగింది. పెద్ద మిషన్ కొనే స్తోమత లేదు, పెట్టే చోటూ లేదు. ఒక డ్రిల్లు, పాత మిక్సీ మోటారు ఉన్నాయి. వీటిలో దేనితోనైనా లేత్ చేసుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.

మోటార్ల మామ:
మిక్సీ మోటారు జోలికి పోవద్దండి. అది బ్రష్ మోటారు, లోడ్ లేకపోతే నిమిషానికి 15,000 చుట్లు కూడా దాటుతుంది, ఉలి ఆనించగానే డీలా పడిపోతుంది. పాత సామాన్ల కొట్లో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్ విప్పేసి ఉంటే దాని వాష్ మోటారు అడగండి. ఇండక్షన్ మోటారు కాబట్టి 1,400 దరిదాపుల్లో నిలకడగా తిరుగుతుంది. కెపాసిటర్ కూడా దానితోపాటే తెచ్చుకోండి. మోటారుకి 2 అంగుళాల పుల్లీ, చెక్కని తిప్పే కడ్డీకి 4 అంగుళాలది వేస్తే వేగం సగానికి వస్తుంది, మొదట్లో అది చాలు. వేడెక్కితే ఆపి కాసేపు వదిలేయండి. ఎర్త్ మాత్రం మర్చిపోవద్దు.

గోదారిగట్టు:
నేను డ్రిల్లుతోనే ఏడాది లాగించాను. బల్లకి క్లాంపుతో బిగించి, ఎదురుగా చెక్క దిమ్మలో మొన తీసిన బోల్టు పెట్టి, మొన దగ్గర కొంచెం మైనం రాస్తే చాలు, డ్రిల్లు, బోల్టు మొన రెండూ ఒకే ఎత్తులో, ఒకే గీత మీద ఉండాలి, అక్కడ తేడా వస్తే ఎంత తిప్పినా చెక్క ఊగుతూనే ఉంటుంది. కాకపోతే డ్రిల్లు బేరింగులు పక్క నుంచి వచ్చే ఒత్తిడికి చేసినవి కావు, అందుకే నాది చివరికి గరగరలాడి మూలపడింది. బొంగరాల వరకు పర్లేదు. ఇంకోటి, భుజాన తువ్వాలుతో దాని దగ్గరికి వెళ్లకండి. నాది ఒకసారి చుట్టుకుని లాగేసింది, మెడకి కాకుండా భుజానికే ఉంది కాబట్టి సరిపోయింది.

ఏటిగాలి:
అసలు కరెంటు ఎందుకండీ? మన పాతవాళ్లు తరిమెన (లేత్) పట్టింది మోటార్లతోనా? లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకలో ఇప్పుడు మోటార్లే గానీ, వెనకటికి తాడు చుట్టి ఒకరు లాగుతుంటే ఇంకొకరు ఉలి పట్టేవారు. అదే కాలితో తొక్కేలా చేసుకోవచ్చు: పైన వంగే వెదురు బొంగు, కింద తొక్కుడు చెక్క, మధ్యలో తాడు, తిరగాల్సిన చెక్కకి ఒక చుట్టు. తొక్కినప్పుడే కోత పడుతుంది, బొంగు తాడుని వెనక్కి లాగేటప్పుడు ఉలి కొంచెం ఎత్తాలి, ఈ లయ పట్టుబడటానికి వారం పట్టింది నాకు. పచ్చి అంకుడు కర్ర అయితే వెన్నలా వస్తుంది, ఎండిన తుమ్మ పెట్టారో కాలు పడిపోతుంది. కానీ లక్క రంగు వేయాలంటే దీనితో కష్టం, లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకోవాలి, దానికి ఇంకా వేగంగా తిరిగేది ఉంటే తేలిక. తర్వాత మొగలి ఆకుతో నొక్కి రుద్దితే వచ్చే మెరుపు ఏ వార్నిష్‌కీ రాదు.

మోటార్ల మామ:
@ఏటిగాలి, వారం తొక్కే ఓపిక అందరికీ ఉండొద్దూ!

చెక్కపిచ్చోడు:
థాంక్యూ అందరికీ. మోటారు వెతుకుతాను. మరి ఉలులు? అరిగిన ఆకురాళ్లు రెండున్నాయి, వాటిని సాన పట్టేస్తే?

మోటార్ల మామ:
వద్దు బాబూ, ఆకురాయి పెళుసు, తిరిగే చెక్క కొడితే పుటుక్కున విరిగి మొహం మీదకి వస్తుంది. పాత లారీ కమాను పట్టీ ముక్క కమ్మరికి ఇస్తే రెండు ఉలులు సాగగొట్టి, గట్టిపడేలా నీరు పట్టి ఇస్తాడు. ఉలి ఆనించే పట్టీకి మందమైన ఇనుప యాంగిల్ బోల్టులతో బిగించు, చెక్కకి దాన్ని నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా దూరం పెట్టకు, ఉలి లోపలికి లాక్కునేది ఆ సందులోంచే. స్విచ్ వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూసుకో.