మధ్యయుగ ఇంగ్లండులో పెళ్లికి అమ్మాయి ఇష్టం నిజంగా లెక్కలోకి వచ్చేదా?

పాతపేజీలు:
అప్పట్లో పెద్దలు ఎవరికి కట్టబెడితే వాళ్లతో నోరెత్తకుండా వెళ్లిపోవడమే అని అందరూ రాసేస్తుంటారు, నేను ఒప్పుకోను. 12వ శతాబ్దంలో పోప్ మూడో అలెగ్జాండర్ తేల్చిన ప్రకారం అమ్మాయికి 12, అబ్బాయికి 14 నిండి, "నిన్ను భర్తగా స్వీకరిస్తున్నా", "నిన్ను భార్యగా స్వీకరిస్తున్నా" అనుకుంటే చాలు, పెళ్లయిపోయినట్టే. చర్చి ఫాదర్ అక్కర్లేదు, కన్నవాళ్ల అనుమతి అంతకన్నా అక్కర్లేదు. పెళ్లి సంగతి ముందే చర్చిలో చాటాలని 1215లో రూల్ పెట్టారు కానీ, అది తప్పినా శిక్ష పడేదే తప్ప పెళ్లి రద్దయ్యేది కాదు.

నార్ఫోక్‌లో మార్జరీ పాస్టన్ తమ ఇంటి లెక్కలు చూసే రిచర్డ్ కాల్‌ని రహస్యంగా పెళ్లాడింది. 1469లో నారిచ్ బిషప్ ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి ఏ మాటలు అనుకున్నారో అడిగాడు. ఆమె చెప్పేసి, ఆ మాటలు చాలకపోతే పెళ్లి ఇంకా ఖాయమయ్యేలా ఇక్కడే అంటాను అంది! తల్లి ఇంటి తలుపు మూసేసింది, పెళ్లి మాత్రం నిలిచింది.

తూర్పుగాలి:
అదే ఇంట్లో మార్జరీ మేనత్త ఎలిజబెత్ సంగతి వదిలేశారేం? 1449లో, యాభైకి దగ్గరపడిన, జబ్బుతో రూపు చెడిన స్టీఫెన్ స్క్రోప్‌ని చేసుకోమని తల్లి వారానికి ఒకటి రెండుసార్లు, ఒక్కోసారి రోజుకు రెండుసార్లు కొట్టేదని, తల రెండు మూడు చోట్ల పగిలిందని బంధువు రాసిన ఉత్తరం ఉంది. చట్టం ప్రకారం అమ్మాయి "సరే" అనాలి కాబట్టే ఆ "సరే" కోసం అంత కొట్టారు. ఇక భూస్వామి కింద బతికే కట్టుబానిస రైతు అయితే కూతురి పెళ్లికి దొరకు సుంకం కట్టాలి. వాళ్ల ఇష్టం ఎవరికి పట్టింది?

పాతపేజీలు:
దెబ్బలు నిజమే, నాకూ చదువుతుంటే కడుపు మండిపోయింది. కానీ స్క్రోప్‌తో ఆమె పెళ్లి జరగలేదు కదండీ.

చెరువుగట్టు:
మీరిద్దరూ రుజువు సంగతి వదిలేశారు. సాక్షులు లేకున్నా పెళ్లి చెల్లుతుంది, కానీ చర్చి కోర్టులో నెగ్గాలంటే ఇద్దరు సాక్షులు కావాలి. మాటిచ్చిన మగాడు "నేనలా అనలేదు" అంటే ఆమె పని అయిపోయినట్టే, వాడు ఇంకొకర్ని చేసుకున్నా అడిగే దిక్కు లేదు. మార్జరీ నిలబడింది సరే, విడిగా అడిగినప్పుడు కాల్ కూడా అదే మాట మీద ఉండకపోతే? బిషప్ అయినా ఏం చేసేవాడో చెప్పండి.